చామ్ గుడి తేమ లెక్క

కొత్తగా ఉద్యోగాల్లో చేరిన మన పిల్లలు ఎక్కడ కనబడినా "ఆంటీ, మీ కెరీర్‌లో బెస్ట్ ప్రాజెక్ట్ ఏది?" అని అడుగుతుంటారు. బాగా జరిగిన పనుల గురించి చెప్పడానికి పెద్దగా ఏమీ ఉండదు. అనుకున్న తేదీకి మొదలయ్యాయి, అనుకున్న తేదీకి ముగిశాయి. అందుకని నేను చెడగొట్టిన పని గురించి రాస్తున్నాను. నా సంతకం వల్ల ఒక దేవుడి గది తలుపు రెండేళ్ళు మూతపడబోయింది. ఆ దేవుడికి స్నానం చేయించే పూజారికి అప్పటికి డెబ్భై తొమ్మిదేళ్ళు.

మెల్‌బోర్న్‌లో పాత కట్టడాల ఇటుక, సున్నం, రాయి పరీక్షించే ప్రయోగశాలలో నేను ఇరవై ఆరేళ్ళు పనిచేశాను. గోడలో నీరెంత ఉంది, అది ఎక్కడి నుంచి వస్తోంది అని తేల్చడం నా పని. పాత చర్చీలు, రైల్వే స్టేషన్లు, ఉన్ని గిడ్డంగులు చాలా చూశాను. ప్రతి కొలతకూ తేదీ, సమయం, ఎవరు తీసుకున్నారు అన్నది రాసేదాన్ని. సరిగ్గా పన్నెండున్నరకు నా టిఫిన్ డబ్బా తెరిచేదాన్ని. మా పై అధికారి, నాకన్నా ఆరేళ్ళు చిన్నవాడు, దాన్ని చూసి తన వాచీ సరిచేసుకుంటున్నట్టు నటించేవాడు. ఆ వేళాకోళం నాకు ఇష్టంగానే ఉండేది. ఆ మాట ఇప్పుడైనా ఒప్పుకోవాలి.

పదవీ విరమణకు ఇంకా పందొమ్మిది నెలలు ఉందనగా చామ్ గుడి పని వచ్చింది. వియత్నాం దక్షిణాన, సముద్రానికి దగ్గరగా, వాన తక్కువగా పడే నేల ఒకటుంది. అక్కడ చామ్ రాజులు శతాబ్దాల కిందట కొండల మీద ఎర్ర ఇటుకతో గోపురాలు కట్టించారు. చాలావాటిలో ఇప్పుడు టికెట్ కొనుక్కుని చూసేవాళ్ళే తప్ప పూజ చేసేవాళ్ళు లేరు. కొన్నింటిలో మాత్రం పూజ నేటికీ సాగుతోంది. నేను చూడాల్సింది వాటిలో ఒకటి. లోపలి గది ఇటుకల మీద తెల్లటి పొర కనబడిందట. గోడలోకి నీరు చేరుతోందా, లేక మనుషుల ఊపిరి, దీపాలు, స్నానం నీళ్ళ వల్లనా అన్నది తేల్చమన్నారు. మనుషుల వల్లయితే చిన్న విషయం. గోడలో నీరుంటే గది మూసి ఆరబెట్టాలి.

ఆగస్టులో మొదటిసారి వెళ్ళాను. కొండ మెట్లు నూట ముప్పై ఎనిమిది. పైన ఇటుక గోపురం. ఇటుకకూ ఇటుకకూ మధ్య సున్నం గీత కూడా కనబడలేదు. అరగంట సేపు భూతద్దంతో వెతికాను. గుమ్మం ముందు గదిలో రాతి నంది, దాని నోటి దగ్గర ఎవరో పెట్టిన పచ్చి గడ్డి. లోపల పానవట్టం మీద లింగం, లింగానికి మీసాలున్న మనిషి ముఖం.

"మా శివుడే," అన్నాను నాకు తోడుగా వచ్చిన ఆవిడతో. ఆవిడ చామ్ స్త్రీ, అక్కడి బడిలో ఇంగ్లిష్ టీచరు. పూజారి మాటలు నాకు ఇంగ్లిష్‌లో చెప్పేది ఆవిడే.

"మా రాజు కూడా," అంది ఆవిడ నవ్వుతూ. "మాకు నీళ్ళ కాలవలు తవ్వించిన రాజు. మీ శివుడు తవ్వించాడా?"

నేను చెప్పులు విడిచి, కొంగు సర్దుకుని, ఇంటి దగ్గర అలవాటు కొద్దీ దేవుణ్ణి కుడిపక్కన ఉంచుకుని ప్రదక్షిణ మొదలుపెట్టాను. గది మరీ ఇరుకు. మూడో అడుగుకే మోచెయ్యి గోడకు తగలబోతే పూజారి చటుక్కున నా చేతిసంచి పట్టుకుని ఏదో అన్నాడు. టీచరు పక్కకు తిరిగి నవ్వు ఆపుకుంది.

"ఏమన్నారు?"

"దేవుడు ఎక్కడికీ పారిపోడు, చుట్టూ తిరిగి కాపలా కాయక్కర్లేదు, కూర్చోమన్నారు."

పూజారి తెల్లబట్టల మనిషి, తలకు తెల్లటి గుడ్డ, దాని అంచులకు ఎర్ర కుచ్చులు. ముప్పై నాలుగేళ్ళుగా ఆ దేవుడికి నీళ్ళు పోస్తున్నాడు. ఏడాదికి నాలుగు పెద్ద పూజలు, వాటిలో అక్టోబరు ప్రాంతంలో వచ్చే కాటే పండగ పెద్దది. మధ్యలో మొక్కులున్న కుటుంబాలు వచ్చినప్పుడు కూడా తలుపు తెరుస్తాడు. తెరిచే ముందు దేవుడి దగ్గర అనుమతి అడుగుతాడు. లోపల జరిగే ప్రతి సంగతీ దేవుడికి ముందుగా చెప్తాడు. నా పరికరాలు పెట్టే ముందు కూడా చాలాసేపు మాట్లాడాడు. ఏం చెప్పారని అడిగితే, "ఈమె తేమ చూడ్డానికి దూరం నుంచి వచ్చింది, కొంచెం పిచ్చిదిలా ఉంది కానీ చెడ్డది కాదు అని చెప్పారు," అంది టీచరు.

లోపల నాలుగు మూలల్లో నాలుగు లాగర్లు పెట్టాను. అగ్గిపెట్టెంత ఉంటాయి. పావుగంటకోసారి తేమ, వేడి కొలిచి దాచుకుంటాయి. వాటికి సొంత బుద్ధి ఉండదు. మొదలుపెట్టేటప్పుడు లాప్‌టాప్‌లో ఎంత సమయం ఉంటే అదే తమ సమయమనుకుని నడుస్తాయి. ప్రయాణాల్లో నా లాప్‌టాప్‌ను ఎప్పుడూ మెల్‌బోర్న్ సమయం మీదే ఉంచుతాను. ఊరూరికీ మార్చుకుంటూ పోతే తప్పులొస్తాయన్నది నా సూత్రం. మెల్‌బోర్న్ అక్కడికన్నా మూడు గంటలు ముందు. చివర్లో మూడు తీసేస్తే సరిపోతుంది.

టీచరుకు ఒక నోటుబుక్కు ఇచ్చాను. తలుపు ఎప్పుడు తెరిచారు, ఎప్పుడు మూశారు, లోపల ఎంతమంది. ఆవిడ దాన్ని బడి హాజరుపట్టీ రాసినట్టు రాసింది. ఒక్క కొట్టివేత లేదు.

కాటే పండగకు ముందు రెండోసారి వెళ్ళాను. అక్టోబరు మొదటి ఆదివారం మా ఇంట్లో గడియారాలన్నీ ఒక గంట ముందుకు జరిపి, సోమవారం బయల్దేరాను. లాగర్లలో ఉన్నదంతా లాప్‌టాప్‌లోకి దించుకుని, బ్యాటరీలు మార్చి, మళ్ళీ మొదలుపెట్టాను. పండగ రోజు కొండ కింద నుంచి దేవుడి బట్టలు ఊరేగింపుగా వచ్చాయి. వాటిని ఏడాదంతా కొండల్లో ఉండే మరో తెగవాళ్ళు భద్రపరుస్తారట. రెండు తీగల వాద్యం మీద ఒకాయన పాడుతూ ఉంటే పూజారి తలుపు తెరిచాడు, ముఖలింగానికి నీళ్ళు పోశాడు, ఆ నీటిని జనం చేతులతో అందుకుని తలకు రాసుకున్నారు. తర్వాత ఒక్కొక్కటిగా బట్టలు తొడిగి కిరీటం పెట్టాడు. నేను గుమ్మం బయట నిలబడి లోపలికి వెళ్తున్నవాళ్ళను లెక్కపెట్టాను. ఆ సాయంత్రమే వానలు మొదలయ్యాయి.

ఫిబ్రవరిలో లాగర్లు తెప్పించుకుని, లెక్కకు కూర్చున్నాను. ఆగస్టు నుంచి అక్టోబరు దాకా తొమ్మిదిసార్లు తలుపు తెరిచారు. తొమ్మిదిసార్లూ తెరవగానే తేమ పెరిగింది, మూయగానే తగ్గింది. అంటే మనుషుల వల్లే. పండగ రోజు రద్దీలో ఏదీ తేలలేదు, పక్కన పెట్టాను. పండగ తర్వాత ఇరవై మూడుసార్లు తెరిచారు. ప్రతిసారీ దాదాపు గంటసేపు. ఇరవై మూడుసార్లూ తలుపు మూసేశాక, లోపల ఒక్క మనిషి కూడా లేనప్పుడు తేమ పెరిగింది!

టీచరు రాసిన సమయాలు తప్పేమోనని ఆవిడకు ఉత్తరం రాశాను. ఆవిడ జవాబు మర్యాదగానే ఉంది: ఆ వాచీ చూసే పందొమ్మిదేళ్ళుగా బడి బెల్లు కొట్టిస్తున్నాను, కావాలంటే పిల్లల్ని అడగండి. ఆవిడను నమ్మాను. లాగర్లనూ నమ్మాను. మధ్యలో మూడు తీసేసిన మనిషిని మాత్రం అనుమానించలేదు.

పైగా నాకు మంచి కారణం దొరికింది. వానలకు ముందు ఒకలా ఉంది, వానల తర్వాత ఇంకోలా ఉంది. అంటే వాన నీరు గోడలోకి దిగింది. మనుషులు, దీపాలు గదిని వేడెక్కించి వెళ్ళాక ఆ నీరు బయటికి వస్తోంది. గదిని మూసి, రెండు వానాకాలాల పాటు వేడిగాలితో ఆరబెట్టాలని ముప్పై ఒక్క పేజీల నివేదిక రాశాను. చాలా అందమైన నివేదిక. ఆ గ్రాఫులు ఇప్పుడు చూసినా ముచ్చటగా ఉంటాయి.

మార్చిలో వీడియో సమావేశం జరిగింది. ఇటు మా అధికారి, నేను. అటు గుడి సంరక్షణ చూసే కార్యాలయం వాళ్ళు, ఒక చివర పూజారి, టీచరు. మే ఒకటి నుంచి తలుపు మూయాలని ఖాయమైంది. చివర్లో పూజారి మాట్లాడతానన్నాడు.

"పూజ అయ్యి అందరూ వెళ్ళాక నేను గోడ మీద చెయ్యి పెట్టి చూస్తాను," అని టీచరు ఆయన మాట చెప్పింది. "పొడిగానే ఉంటుంది. వానల్లో కూడా."

"చెయ్యి కొలత కాదండీ," అన్నాను. "ఇటుక లోపలి నీరు చేతికి తెలియదు."

ఆయన తల ఊపాడు. ఇంకో మాట అన్నాడు. మా అధికారి అడిగాకే టీచరు దాన్ని ఇంగ్లిష్‌లో చెప్పింది.

"రెండు పండగలు పోతాయి అంటున్నారు. నాకు ఎన్ని మిగిలాయో మీ లెక్కలో ఉందా అని అడుగుతున్నారు."

విచారం వెలిబుచ్చాను. సమావేశం పదకొండు నలభైకి ముగిసింది.

ఏప్రిల్ మొదటి సోమవారం. పొద్దున్న టీ వేళకు ఆఫీసు వంటగదిలో మా డేటా విభాగంలో పనిచేసే ఆవిడ ఎదురైంది. వరంగల్ మనిషి, చదువుకు వచ్చి ఇక్కడే స్థిరపడింది, క్రాన్‌బర్న్‌లో ఇల్లు. నలభై దాటినా నన్ను ఆంటీ అనే పిలిచేది, ఆఫీసులో అలా పిలవొద్దని ఎన్నిసార్లు చెప్పినా.

"నిన్న మా అమ్మ మస్తు తిట్టింది ఆంటీ," అంది మగ్గులో నీళ్ళు పోసుకుంటూ.

"ఏం చేశావు?"

"ఏం చెయ్యలే. ఎవ్రీ సండే ఒంటిగంటకు కాల్ చేస్త కదా. అక్కడ ఏడున్నర. నిన్న కూడా షార్ప్ ఒంటిగంటకే చేసిన. ఎత్తంగనే స్టార్ట్ జేసింది. ఏడున్నరకెల్లి ఫోన్ పట్టుకొని కూసున్న, ఇప్పుడు ఎనిమిదిన్నరైంది, గుడికి పోయెటోళ్ళంత పోయిన్రు, నీకు అమ్మ యాదికున్నదా అని. డేలైట్ సేవింగ్ అయిపోయిందమ్మా, మా దగ్గర టైం ఎనక్కి జరిపిన్రు అంటే, టైంను జరుపుతరా, అదేమన్న బీరువానా అంటది. ప్రతి ఏప్రిల్, ప్రతి అక్టోబర్ ఇదే లొల్లి ఆంటీ. మనకు గడియారం మారుతది, వాళ్ళకు మారది."

నేను కప్పు కింద పెట్టాను.

"ఆంటీ? ఏమైంది? షుగర్ డౌన్ అయిందా?"

"అక్టోబరులో ఎంత తేడా వస్తుంది?"

"ఇండియాకా? నాలుగున్నర ఉన్నది ఐదున్నర అయితది."

"వియత్నాంకు?"

"వాళ్ళు కూడా మార్చరు కదా. మూడు ఉన్నది నాలుగు..." అని ఆగిపోయింది. నా లెక్కల పట్టిక ఆమె కూడా చూసింది. "అయ్యో. ఆంటీ!"

నా బల్ల దగ్గరికి వచ్చి ఇద్దరం కూర్చున్నాం. అక్టోబరులో నేను లాగర్లను మళ్ళీ మొదలుపెట్టేనాటికి లాప్‌టాప్ డేలైట్ సేవింగ్ ప్రకారం తనంతట తనే ఒక గంట ముందుకు జరిగి ఉంది. పట్టికలో మూడు తీసేసి నాలుగు పెట్టాను. ఇరవై మూడు గీతలూ ఒక గంట వెనక్కి జరిగి తలుపు తెరిచిన సమయాల మీద కూర్చున్నాయి. మనుషులు లోపలికి వెళ్తే తేమ పెరిగింది, బయటికి వస్తే తగ్గింది. గోడలో నీరు లేదు. ఎప్పుడూ లేదు. ఆ తెల్లటి పొర ఎప్పటిదో పాత ఉప్పు, తుడిస్తే పోయేది. పూజారి చెయ్యి చెప్పిందే సరైనది.

మొత్తం సవరించడానికి పట్టింది పన్నెండు నిమిషాలు.

"ఇప్పుడేం చేస్తరు?" అంది ఆమె మెల్లగా.

"చెప్పాలి."

"సార్ ఊకుంటడా?"

మా అధికారి గదిలోకి వెళ్ళి రెండు గ్రాఫులూ బల్ల మీద పక్కపక్కన పెట్టాను. ఆయన మనుషుల్ని కేకలేసే రకం కాదు. చాలాసేపు చూశాడు.

"ఈ సంగతి ఎంతమందికి తెలుసు?"

"నాకు, మీకు, డేటాలో ఆవిడకు."

"గది ఆరబెడితే నష్టం ఏముంది మేట్? పొడి గది ఇంకాస్త పొడి అవుతుంది. అక్కడ పనివాళ్ళను కుదుర్చుకున్నారు. ఇప్పుడు మనం వెనక్కి పోతే ఇకముందు ఎవరు మనల్ని పిలుస్తారు?"

"పొడి ఇటుక మీద రెండేళ్ళు వేడిగాలి కొడితే లోపలున్న ఉప్పు పైకి వచ్చి ఇటుక పొరలు పొరలుగా రాలుతుంది. ఈ సంగతి నాకు నేర్పింది మీరే. ఆయనకు రెండు పండగలు పోతాయి. ఆయన వయసు డెబ్భై తొమ్మిది."

"నువ్వు ఇంకో సంవత్సరంలో రిటైర్ అవుతున్నావు. ఇరవై ఐదేళ్ళలో నీ నివేదిక ఒక్కటీ వెనక్కి తీసుకోలేదు."

ఆ మాట నా మనసులో అప్పటికే వచ్చి పోయింది. నివేదికలో ఒక చిన్న సవరణ పేజీ చేర్చి, అదనపు పరిశీలనలో తేలింది అని రాసేస్తే, తప్పు ఎవరిదో ఎక్కడా కనబడదు. అలాంటి వాక్యాలు రాయడం నాకు బాగా వచ్చు. ఇతరుల కోసం రాసిపెట్టాను కూడా. ఆ పొద్దున్న వంటగది నుంచి ఆయన గది దాకా నడిచిన నలభై అడుగుల్లో ఒక వాక్యం దాదాపు తయారైంది.

"లాయరు చూసేదాకా ఆగు," అన్నాడాయన. "ఒక వారం."

"వారంలో అక్కడికి వేడిగాలి గొట్టాలు వచ్చేస్తాయి. నా సంతకం నేను వెనక్కి తీసుకుంటున్నాను. దానికి లాయరు అక్కర్లేదు."

నా సీటుకు వచ్చి ఒక పేజీ రాశాను. మొదటి వాక్యం: "నా సమయ సవరణలో ఒక గంట తప్పు జరిగింది, కాబట్టి నా నిర్ణయం తప్పు." రెండోది: "నోటుబుక్కులోని సమయాలు, పూజారి చెప్పిన మాట సరైనవి." నాలుగింటికి మా అధికారి తనే వచ్చాడు. కాగితం నిలబడే చదివాడు. నా సంతకం కింద తన సంతకం కూడా పెట్టి, "రేపు పన్నెండున్నరకు నీ డబ్బా చూసి నా వాచీ సరిచేసుకుంటాననుకోకు," అని వెళ్ళిపోయాడు. ఆ నెలాఖరులో పై కమిటీ ముందు నన్ను కాక తనే నిలబడ్డాడని నాకు తర్వాత తెలిసింది. పని ఆగిపోయింది. మా ప్రయోగశాలకు అటు నుంచి మళ్ళీ పిలుపు రాలేదు. ఆ నష్టం నిజమే. దానికి నేను బాధ్యురాలిని.

చిన్నవాళ్ళకు చెప్పదగిన నీతి ఏదైనా ఉందేమోనని ఈ వ్యాసం రాస్తూ ఆలోచించాను. పరికరం సమయం సరిచూసుకోండి అని చెప్పొచ్చు. అది మీ మాన్యువల్లో ఉంటుంది, నా మాన్యువల్లోనూ ఉంది. నాకు జరిగింది వేరు. ఇరవై ఐదేళ్ళు తప్పు చేయని మనిషి తన పనిని సరిచూసుకోవడం మానేస్తుంది. ఇతరులదే సరిచూస్తుంది. బడి బెల్లు కొట్టించే మనిషి వాచీని కూడా అనుమానిస్తుంది.

నా పేజీ వెళ్ళిన వారానికి టీచరు నుంచి ఉత్తరం వచ్చింది. కోపంగా ఉంటుందనుకుని, పెద్ద క్షమాపణ సిద్ధం చేసుకుని తెరిచాను. అందులో ఒక ప్రశ్న మాత్రమే ఉంది.

"మార్చి సమావేశం అయిన మర్నాడే పూజారిగారు వెళ్ళి దేవుడికి చెప్పేశారు, మే నెల నుంచి రెండేళ్ళు మేము రాలేము, అలగవద్దు అని. ఇప్పుడు మళ్ళీ వెళ్ళి వస్తున్నామని చెప్పాలి. ఎందుకు మారిందో కారణం కూడా చెప్పాలట. కార్యాలయం వాళ్ళు 'సాంకేతిక కారణాలు' అని రాశారు. అది దేవుడికి ఎలా చెప్పాలో ఆయనకు తెలియడం లేదు. మీరైతే ఏమని చెప్తారు?"

ముప్పై ఒక్క పేజీల నివేదిక నేను పది రోజుల్లో రాశాను. దీనికి జవాబు రాయడానికి మూడు రోజులు పట్టింది. డేలైట్ సేవింగ్ గురించి రాశాను, కొట్టేశాను. లాగర్ల గురించి రాశాను, కొట్టేశాను. వరంగల్ ఆవిడను సలహా అడిగితే, "మా అమ్మకే సమజ్ చేయలేకపోయిన ఆంటీ, దేవునికేం జేస్తం," అంది. చివరికి ఇలా పంపాను: "తేమ చూడ్డానికి వచ్చిన ఆమె సమయం లెక్క తప్పింది, నీ గది మీద నేరం వేసింది, తప్పు ఒప్పుకుంది అని చెప్పమనండి."

మే ఒకటిన, తలుపు మూతపడాల్సిన రోజున, జవాబు వచ్చింది. పూజారిగారు ఆ మాటలే చెప్పారట, నీళ్ళు కూడా పోశారట. దేవుడు ఏమన్నాడని పక్కనున్నవాళ్ళు వేళాకోళంగా అడిగితే, "ఆయన రాజు, ఇలాంటి అధికారుల్ని చాలామందిని చూసి ఉంటాడు," అన్నారట. కింద ఇంకో వాక్యం ఉంది: "పండక్కి వస్తే ఆ కొలిచే పెట్టెలు తేవద్దని, అందరితో పాటు వరసలో నిలబడమని చెప్పమన్నారు."

ఆ అక్టోబరులో సెలవు పెట్టి, నా డబ్బుతో వెళ్ళాను. పెట్టెలు తీసుకెళ్ళలేదు. మెట్లెక్కి వెళ్ళేసరికి వరసలో నా ముందు నూట పద్నాలుగు మంది ఉన్నారు. లెక్కపెట్టాను. లోపల పూజారి నీళ్ళు పోస్తున్న చప్పుడు బయటికి వినబడుతోంది. ఇద్దరు లోపలికి వెళ్ళారు, నూట పన్నెండు.